చీము జాడ పట్టే చదువు

నీట్‌లో ర్యాంకు రాకపోతే ఇక నర్సింగో, ఫార్మసీయో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సో అని తిరువూరు వంటి ఊళ్లలో బైపీసీ పిల్లలు సర్దుకుంటారు. న్యూక్లియర్ మెడిసిన్ మాట వచ్చినా ‘క్యాన్సర్ స్కాన్ తీయడమేగా, మీట నొక్కితే అయిపోయె’ అని తేల్చేస్తారు. మీట నొక్కే పనైతే రేపు యంత్రమే చేసుకుంటుంది. ఈ వృత్తిలో చేతి పనితనానికి ఎంత విలువుందో ఇన్‌ఫెక్షన్లను పట్టుకునే పరీక్షలు చూస్తే అర్థమవుతుంది.

షుగరు ఉన్న మనిషి పాదం వాచి ఎర్రబడిందనుకోండి. ఎముకకు చీము పట్టిందా, లేక నరాలు మొద్దుబారి కీళ్లు చితికిన చార్కాట్ పాదమా అన్నది ఎక్స్‌రేలో తేలకపోవచ్చు. మొదటిదైతే వారాల తరబడి యాంటీబయాటిక్స్, ఒక్కోసారి ఆపరేషన్. రెండోదైతే కట్టు వేసి పాదం మీద బరువు పడకుండా చూడాలి. మామూలు బోన్ స్కాన్ రెండింటిలోనూ వెలుగుతుంది. అప్పుడు రోగి రక్తం 40, 50 మిల్లీలీటర్లు తీసి, తెల్లకణాలను వేరుచేసి, టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థాన్ని తగిలించి తిరిగి ఆ రోగికే ఎక్కిస్తారు. చీమున్న చోటికి చేరడం ఆ కణాల స్వభావం. గామా కెమెరా వాటిని వెంబడిస్తుంది. కణాలు నలిగితే పరీక్ష వృథా, ఒకరి రక్తం మరొకరికి వెళితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ పరీక్ష ఎక్కడ పనికిరాదో కూడా తెలిసుండాలి. వెన్నెముక ఇన్‌ఫెక్షన్‌ను ఇది తరచూ పట్టలేదు, అక్కడ రేడియోధార్మిక గ్లూకోజుతో తీసే ఎఫ్‌డీజీ పెట్ స్కాన్ మేలు. కానీ పెట్‌లో క్షయ గడ్డ, క్యాన్సర్ గడ్డ ఒకేలా మెరవవచ్చు. క్షయ ఇంతగా ఉన్న దేశంలో ఇది చిన్న చిక్కు కాదు.

రేడియేషన్ భయం సంగతి? అది అర్థం లేని భయమేమీ కాదు, అందుకే నిబంధనలున్నాయి. అణుశక్తి నియంత్రణ మండలి లెక్కన సిబ్బందికి అయిదేళ్ల సగటు ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించరాదు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటరాదు. ఒంటిమీది బ్యాడ్జి ఆ లెక్క చెబుతుంది. టెక్నీషియం రేడియోధార్మికత 6 గంటలకోసారి సగమవుతుంది. ఉద్యోగాలు తక్కువన్న అభ్యంతరానికి మాత్రం నా దగ్గర తీపి జవాబు లేదు. పెట్‌కు వాడే ఫ్లోరిన్-18 110 నిమిషాలకే సగమైపోతుంది గనుక ఆ సెంటర్లు దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్‌ యంత్రానికి అందుబాటులో ఉండాలి. తిరువూరు వదిలి విజయవాడకో, హైదరాబాద్‌కో వెళ్లక తప్పదు. అక్కడా రోజువారీ పనిలో ఎక్కువ భాగం క్యాన్సర్, థైరాయిడ్, గుండె పరీక్షలే. అయినా ఓపిక, శుభ్రత, ఫిజిక్స్ మీద ఇష్టం ఉన్నవారికి పోటీ తక్కువ ఉన్న దారి ఇది.

బీఎస్సీ న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీ ఒక మార్గం. సైన్స్ డిగ్రీ అయ్యాక, ముంబయిలో 1963 నుంచి నడుస్తున్న రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌లో చేసే పీజీ చదువు మరొకటి. ఏ కాలేజీలోనైనా ఫీజు కట్టేముందు రెండు ప్రశ్నలు వేయండి: ఈ అర్హతను నియంత్రణ మండలి ఒప్పుకుంటుందా, ప్రాక్టికల్స్‌కు గామా కెమెరా ఎక్కడుంది? జవాబు చెప్పడానికి నీళ్లు నమిలితే అక్కడ చేరకండి.