ల్యాబ్ మారాలా, ఆగాలా?

ఒకప్పుడు పరిశోధన అంటే పీహెచ్‌డీ విద్యార్థుల పని. ఇప్పుడు డిగ్రీ పిల్లలు కూడా ల్యాబ్‌లో అడుగు పెడుతున్నారు. 2015లో తిరుపతిలో మొదలైన ఐసర్ వంటి సంస్థల్లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ చదువులో చివరి ఏడాది ముఖ్యంగా థీసిస్‌ కోసమే. దానికి ముందే పిల్లలు సెలవుల్లో ఏదో ఒక ప్రొఫెసర్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరతారు.

కొన్ని నెలలయ్యాక కొందరికి ఆ ల్యాబ్ సరిపడదనిపిస్తుంది. ఆ మాట ఇంట్లో చెప్పాలంటే భయం. చదువుకు సాయం చేసిన పెద్దలు ఏమనుకుంటారోనని ఇంకా భయం. అలాంటి పిల్లవాడు మన దగ్గరికి వస్తే ఏం చెప్పాలి? "సర్దుకుపో" అనడం తేలిక. "మారిపో" అనడమూ తేలికే. ముందు నాలుగు విషయాలు అడగాలి.

ఒకటి: కష్టం పనిలో ఉందా, ల్యాబ్‌లో ఉందా? ప్రయోగం పదిసార్లు చేసినా ఫలితం రాకపోవడం, పెంచుతున్న కణాలకు బూజు పట్టడం ఏ ల్యాబ్‌లోనైనా మామూలే. దానికోసం మారితే అదే కష్టం కొత్తచోట మొదటినుంచి పడాలి. కానీ గైడ్ నెలల తరబడి కలవకపోయినా, నేర్పేవారు లేకపోయినా, గాజు సామాను కడగడమే పనైనా అది వేరే సంగతి. ఇక అవమానం, వేధింపు, ప్రమాదం ఉంటే ఆగనక్కరలేదు. వెంటనే విభాగాధిపతికి చెప్పాలి.

రెండు: అడిగి చూశావా? "పదిహేను రోజులకోసారి కలవగలరా? నాకంటూ ఒక చిన్న ప్రశ్న ఇవ్వగలరా?" అని గైడ్‌ను మర్యాదగా అడిగి, ఒక నెల చూడాలి.

మూడు: ఎంత సమయం ఉంది? కొత్త పద్ధతులు చేతికి రావడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. రెండో ఏడాదిలో మారితే పెద్ద నష్టం లేదు. థీసిస్ ఏడాది మధ్యలో మారితే రాయడానికి ఏమీ మిగలకపోవచ్చు.

నాలుగు: ఎలా వెళ్తున్నావు? కొత్త ల్యాబ్‌లోని విద్యార్థులతో ముందుగా మాట్లాడాలి. పాత గైడ్‌కు ఎదురుగా చెప్పాలి. నోట్‌బుక్, డేటా, పేర్లు రాసిన నమూనాలు అప్పగించాలి. రేపు సిఫారసు లేఖకు ఆ తలుపే తట్టాల్సి రావచ్చు.

దారి మార్చుకోవడం ఓటమి కాదు. వెంకటరామన్ రామకృష్ణన్ 1976లో భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తిచేశాక, జీవశాస్త్రం నేర్చుకోవడానికి మళ్లీ విద్యార్థిగా చేరారు. రైబోసోమ్ నిర్మాణంపై చేసిన కృషికి 2009లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి పంచుకున్నారు. చేతిలో పని ముగించాకే ఆయన మారారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

పిల్లవాడు నాలుగింటికీ నిజాయితీగా జవాబు చెప్పగలిగితే, ఉండిపోయినా మారినా మనం ఇచ్చిన సాయం వృథా కాదు. ఆ మాట పెద్దలే ముందుగా చెబితే వాడికి సగం భయం పోతుంది.