క్రాసు అరిగితే దుక్కి ఆగుతుంది
రోటవేటర్ షాఫ్ట్ క్రాసు మార్చుకునే పద్ధతి

తొలకరి పడితే ఊళ్లో అందరికీ ఒకేసారి ట్రాక్టరు కావాలి. వరి మళ్లలో దమ్ము రోజులైతే ఇక చెప్పనక్కర్లేదు. సరిగ్గా అప్పుడే ట్రాక్టరుకూ రోటవేటర్‌కూ మధ్య తిరిగే షాఫ్ట్ ‘టక్ టక్’మని చప్పుడు చేస్తుంది. ఈ ఎకరం అయ్యాక చూద్దాంలే అని సరిపెట్టుకుంటాం. క్రాసు చిన్న సామానే. కానీ అది పోయేటప్పుడు ఊరికే పోదు. యోక్ చెవులను పగలగొడుతుంది, గేరుబాక్సు షాఫ్ట్‌ను వంచుతుంది. ఊడిన షాఫ్ట్ కొస దుడ్డుకర్రలా చుట్టూ కొడుతుంది. కాబట్టి చప్పుడు వినిపించిన రోజే పని పట్టాలి.

క్రాసు చేసే పని

ట్రాక్టరు వెనుక పీటీవో ఒక ఎత్తులో, రోటవేటర్ గేరుబాక్సు ఇంకో ఎత్తులో ఉంటాయి. పనిముట్టును ఎత్తినా దించినా షాఫ్ట్ వంగుతూనే తిరగాలి. మన మోచేయి లాంటి ఆ కీలే క్రాసు. కూడిక గుర్తు ఆకారంలో ఉండే ఉక్కు ముక్కకు నాలుగు కొమ్ములు, నాలుగు కప్పులు ఉంటాయి. ఒక్కో కప్పులో సూదుల్లాంటి సన్నని రోలర్లు వరుసగా నిలబడి ఉంటాయి. షాఫ్ట్‌కు రెండు చివర్లా ఒక్కో క్రాసు ఉంటుంది. 16వ శతాబ్దపు ఇటలీ గణిత పండితుడు కార్డానో పేరు మీదే దీన్ని కార్డన్ షాఫ్ట్ అంటున్నారు. ఫోర్‌వీల్ డ్రైవ్ జీపుల ముందు ఇరుసులోనూ ఇలాంటి క్రాసులే ఉంటాయి.

ఇలా గుర్తుపట్టండి

ఇంజను ఆపి, రెండు యోక్‌లనూ రెండు చేతులతో పట్టుకుని ఎదురెదురుగా తిప్పి చూడండి. కదలిక తగిలితే క్రాసు అరిగినట్లే. కప్పుల అంచున ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎండిపోయి సూదులు నలుగుతున్నాయని అర్థం. ఒక వైపు వంగి, రెండో వైపు బిగుసుకుపోయినా మార్చాల్సిందే.

ప్రాణం ముందు, పని తర్వాత

పీటీవో సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9 చుట్లు. మూడంగుళాల లావున్న షాఫ్ట్‌కు పంచె కొస తగిలితే ఒక్క సెకనులో దాదాపు 7 అడుగుల బట్టను చుట్టేస్తుంది. వెనక్కి గుంజుకునే వ్యవధి ఉండదు. అందువల్ల రోటవేటర్‌ను నేలకు దించండి. పీటీవో లీవరు తీసేయండి. ఇంజను ఆపి తాళంచెవి జేబులో వేసుకోండి. ఆ తర్వాతే షాఫ్ట్ మీద చెయ్యి వేయాలి.

విప్పే విధానం

షాఫ్ట్‌ను లాగి రెండు ముక్కలు చేసే ముందు రెండు గొట్టాల మీదా ఒకే వరుసలో ఉలితో గీత పెట్టండి. తిరిగి ఎక్కించేటప్పుడు ఈ గీతలు కలవాలి. గొట్టాల చివరనున్న రెండు యోక్‌లు ఒకే వరుసలో ఉంటేనే ఒక క్రాసు దగ్గర వచ్చే ఎగుడుదిగుడు వేగాన్ని రెండోది సరిచేస్తుంది. వరుస తప్పితే అదురు పుట్టి కొత్త క్రాసు కూడా త్వరగా పోతుంది.

మట్టి కడిగి, కప్పుల చుట్టూ కాస్త డీజిలు పోసి నాననివ్వండి. ప్లయర్‌తో నాలుగు సర్క్లిప్పులూ తీసేయండి. బెంచి వైస్‌లో యోక్‌కు ఒక పక్క కప్పు కంటే పెద్దదైన సాకెట్‌ను, రెండో పక్క కప్పు కంటే చిన్న సాకెట్‌ను పెట్టి మెల్లగా బిగించండి. ఒక కప్పు పెద్ద సాకెట్‌లోకి వచ్చేస్తుంది. యోక్‌ను తిప్పి రెండోదీ అలాగే తీయండి. వైస్ లేకపోతే కింద సాకెట్ ఆనించి సుత్తితో తట్టవచ్చు. కానీ యోక్ చెవి మీద దెబ్బ పడకూడదు.

పాత క్రాసును వెంట తీసుకుని దుకాణానికి వెళ్లండి. కప్పు ఒక్కటే సరిపోతే చాలదు, కొస నుంచి కొసకు పొడవూ సరిపోవాలి. 30.2 మి.మీ. కప్పు ఉన్న వాటిలోనే 80 మి.మీ. క్రాసూ ఉంది, 92 మి.మీ. క్రాసూ ఉంది. సర్క్లిప్పులు కొత్తవే వేయండి.

బిగించే విధానం

యోక్ రంధ్రాలను, క్లిప్పు కూర్చునే గాడిని గుడ్డతో శుభ్రంగా తుడవండి. కప్పుల్లో కాస్త గ్రీజు రాసి సూదులన్నీ నిటారుగా ఉన్నాయో లేదో చూడండి. ఒక కప్పును సగం వరకు నొక్కి, లోపలి నుంచి క్రాసు కొమ్మును అందులోకి పోనివ్వండి. ఎదుటి కప్పు పెట్టి, రెండు కొమ్ములూ కప్పుల్లోనే ఉండేలా చేత్తో కదుపుతూ వైస్ బిగించండి. గాడి బయటపడగానే క్లిప్పు వేయండి.

క్లిప్పు గాడిలో కూర్చోకపోతే బలవంతం పెట్టవద్దు. లోపల ఒక సూది పడిపోయి అడ్డం తిరిగి ఉంటుంది. కప్పు తీసి సూదిని నిలబెట్టి మళ్లీ మొదలుపెట్టండి. సుత్తితో బాది కూర్చోబెట్టిన క్రాసు పొలంలో నిలవదు.

గ్రీజు నిప్పల్ గన్‌కు అందే వైపు ఉండాలి. అది ముందే చూసుకోకపోతే అంతా మళ్లీ విప్పుకోవాలి. చివరగా యోక్‌ను నాలుగు వైపులా వంచి చూడండి. పట్టేసినట్లుంటే చెవుల మీద చెక్కసుత్తితో తేలిగ్గా తడితే సర్దుకుంటుంది. నాలుగు కప్పుల అంచుల్లోనూ గ్రీజు బయటికి వచ్చేదాకా గన్ కొట్టండి.

ఎక్కువ కాలం మన్నాలంటే

* పని రోజుల్లో 8 గంటలకు ఒకసారి గ్రీజు పెట్టండి. దమ్ములో తిరిగితే సాయంత్రం కడిగాక మళ్లీ పెట్టండి.
* గట్టు దగ్గర మలుపు తిప్పేటప్పుడు కత్తులు నేల వదిలేంత వరకే ఎత్తండి. పూర్తిగా ఎత్తాలంటే పీటీవో ఆపాలి.
* షాఫ్ట్‌కు తెగే బోల్టు ఉంటే అదే రకం వేయండి. గట్టి బోల్టు వేస్తే రాయి తగిలినప్పుడు బోల్టుకు బదులు క్రాసు, గేరుబాక్సు విరుగుతాయి.
* పీటీవోకు ఎక్కించాక షాఫ్ట్‌ను ఒకసారి వెనక్కి లాగి, పిన్ను గాడిలో పడిందో లేదో చూడండి.
* ప్లాస్టిక్ తొడుగు, దాని గొలుసు తీసి పారేయవద్దు. గొలుసు కట్టి ఉంటేనే తొడుగు షాఫ్ట్‌తో తిరగకుండా నిలబడుతుంది.

అద్దె ట్రాక్టరు పిలిచే రైతులూ ఈ సంగతులు గమనించాలి. బండి మీ పొలంలో దిగే ముందే షాఫ్ట్‌కు తొడుగు ఉందో లేదో చూడండి, క్రాసుకు గ్రీజు పెట్టమని డ్రైవరును అడగండి. షాఫ్ట్ తిరుగుతుండగా రోటవేటర్ దగ్గరికి పిల్లలను రానివ్వకండి, దాని మీద ఎవరినీ కూర్చోనివ్వకండి. గడ్డి చుట్టుకుంటే ఇంజను ఆపాకే తీయమని చెప్పండి. బేరం తెగాక ఈ మాటలు చెబితే డ్రైవరు విసుక్కోవచ్చు, అందుకని ముందే చెప్పేయండి.