ఎక్కాలు వచ్చినా తీసివేత రాదేం?

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. ఎక్కాలు గడగడా అప్పజెబుతాడు. 52లోంచి 17 తీసేయమంటే మాత్రం 45 అంటాడు. ఎందుకిలా? – ఓ తల్లి, తెనాలి

జవాబు: అది అజాగ్రత్త కాదమ్మా. 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీస్తున్నాడు. పదులు, ఒకట్ల సంగతి ఇంకా బుర్రకెక్కలేదు. ఎక్కాలు బట్టీ పడితే అది రాదు. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టండి. 52 అంటే అయిదు కట్టలు, రెండు విడిపుల్లలు. అందులోంచి 17 ఇవ్వమనండి. కట్ట విప్పక తప్పదని వాడే కనిపెట్టాలి, మీరు చెప్పొద్దు. వారంపాటు ఇదే ఆట, కాగితం తర్వాత. వచ్చిన జవాబుకు 17 కలిపి సరిచూసుకోవడమూ నేర్పండి. కేంద్ర ప్రభుత్వ నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల ప్రకారం 99 లోపు తీసివేతలు రెండో తరగతికే రావాలి, వాయిదా వేయకండి. నెల దాటినా మారకపోతే టీచరుతో మాట్లాడండి. చదవడం, రాయడంలోనూ బాగా వెనకబడుతుంటే పిల్లల వైద్యుణ్ణి కలవండి.