యంత్రముల తీగలను ఎలుకల బారినుండి కాపాడుకొనుట

రైతునకు ఎలుక పాత శత్రువు. గాదెలోని ధాన్యమును, పొలములోని వెన్నును, గట్లను అది పాడుచేయుట తాతల నాటినుండి మనమెఱిగినదే. ఈ కాలమున దానికి మఱియొక పని దొరకినది. ట్రాక్టరు, వరికోత యంత్రము, కారు, బావి మోటారు స్టార్టరు డబ్బా, వీని లోపలి తీగలను కొఱికి యజమానిని చిక్కులలో పడవేయుచున్నది. చొప్పదండి ప్రాంతమున కాలువ నీటితోను, బావుల నీటితోను వానాకాలము, యాసంగి రెండు పంటలు వరి పండుచున్నది. కోతపని చాలవఱకు యంత్రముల మీదనే నడచుచున్నది. మబ్బు క్రమ్మిన దినమున యంత్రము కదలకపోయిన కలుగు నష్టము తెగిన తీగ వెలతో కొలువదగినది కాదు. కావున ఈ నెల పాఠమునందు ఈ విషయమును వివరింపదలచితిమి.

ఎలుక తీగను ఏల కొఱుకును?

ఎలుకకు పైన రెండు, క్రింద రెండు ముందు పండ్లు కలవు. అవి జీవితాంతము పెరుగుచునే యుండును. ఏటికి నాలుగైదు అంగుళముల వఱకు పెరుగునని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పియున్నారు. ఆ పంటి ముందువైపున మాత్రమే గట్టి పూత యుండును, వెనుకవైపు మెత్తన. కావున కొఱికినకొలది వెనుక భాగము ముందుగా అరిగి, పంటి అంచు ఉలివలె పదునుదేలును. కొఱుకుట ఆకలిచేత మాత్రమే కలుగు పని కాదు. అది ఎలుక స్వభావము.

క్రొత్త బండ్ల తీగల తొడుగులో సోయా చిక్కుడు పదార్థము కలియుటచేతనే ఎలుకలు వచ్చుచున్నవని కొందఱు చెప్పుదురు. 2016లో అమెరికాలో కొందఱు కారు యజమానులు ఈ మాట మీద న్యాయస్థానమునకు సైతము వెళ్లిరి. అయితే మన తోటలలో బిందుసేద్యపు గొట్టములను ఎలుక కొఱుకుట రైతులెఱుగుదురు. ఆ గొట్టములలో సోయా లేదు. తలుపు చెక్కను, సబ్బు బిళ్లను, మెత్తని సీసపు రేకును సైతము అది విడువదు.

మా తలంపున ముఖ్య విషయమిది. ఎలుక యంత్రములోనికి తీగ కొఱకు రాదు. గింజ కొఱకు, గూటి కొఱకు, వెచ్చదనము కొఱకు వచ్చును. వచ్చి కాపురము పెట్టిన పిమ్మట తీగ దాని పంటికి దొరకును. కావున తీగను కాపాడుటకంటె ముందు యంత్రము ఎలుకకు ఇల్లు కాకుండ చూచుట మన పని.

ఏ ఎలుకలు?

ఇంటి నల్ల ఎలుక గోడలను, త్రాళ్లను ఎగబ్రాకగలదు. బానెటు లోపల గూడు కట్టుట దీనికి సులువు. చిట్టెలుక మిక్కిలి చిన్నది. పెన్సిలు దూరు సందు, అనగా పావు అంగుళము చాలును. పెద్ద ఎలుకకు అర అంగుళము చాలును. పందికొక్కు నేలను త్రవ్వి కొట్టము పునాది క్రిందుగా వచ్చును. మన తెలుగు పందికొక్కు పేరే ఆంగ్లేయుల నోట బాండికూటు అయినది. ఎలుక గర్భము మూడు వారములు మాత్రమే. కోతలు ముగిసి యంత్రము నెలల తరబడి కదలకున్నయెడల ఒక జంట ఒక కుటుంబముగా మారుటకు ఆ వ్యవధి చాలును. కోతలైన పిమ్మట పొలమున తిండి తరిగి, ఎలుక ఊరివైపు మరలునది కూడ అప్పుడే.

యంత్రమును నిలుపునప్పుడు చేయవలసినవి

1. పని ముగిసిన దినముననే యంత్రమును శుభ్రపఱుపవలెను. వరికోత యంత్రపు తొట్టిలోను, జల్లెడల మీదను, గింజలు మోయు గొట్టము అడుగునను గింజ మిగిలిపోవును. తలుపులన్నియు తెరచి, కొంతసేపు వట్టిగా త్రిప్పి, ఇంజను ఆపి, తాళపుచెవి తీసిన పిమ్మటనే మిగిలినది చేతితో తీయవలెను. బానెటు లోపలి గడ్డిపరకలు, దుమ్ము దులుపవలెను.

2. కొట్టములో వడ్ల బస్తాలు, తవుడు, దాణా యంత్రము ప్రక్కన ఉంచరాదు. గడ్డివామునకు ఆనించి ట్రాక్టరును నిలుపరాదు. గోడకు రెండు మూడు అడుగుల ఎడము విడువవలెను. ఎలుక గోడవెంట నడచునేగాని బయలులో నడచుటకు జంకును.

3. కొట్టము సందులను సిమెంటుతో మూయవలెను. గాలి రావలసినచోట పావు అంగుళము కంటె సన్నని కన్నుల ఇనుప జాలి బిగింపవలెను. స్టార్టరు డబ్బాలోనికి తీగలు పోవు రంధ్రములను ఊరక విడువరాదు. ఆ పని చేయునప్పుడు కరెంటు తప్పక ఆపవలెను.

4. యంత్రము నెలల తరబడి నిలుచునప్పుడు బాటరీ ఋణధ్రువపు తీగను విప్పి యుంచవలెను. అప్పుడు తీగ తెగినను నిప్పురవ్వ పుట్టదు.

5. వారమున కొకసారియైనను బానెటు ఎత్తి చూచి, బండిని కొంత కదలింపవలెను. కదలిక లేని చోటే ఎలుకకు ప్రియము. ఎలుక పెంటికలు, కొఱికిన గుడ్డపీలికలు కనబడిన వెంటనే బోను పెట్టవలెను. బోనును గోడ ప్రక్కన, ఎలుక నడచు దారికి అడ్డముగా ఉంచుట మంచిది.

వాసనలను నమ్మవచ్చునా?

పొగాకు కాడలు, కలరా ఉండలు, మిరియపు నీరు మొదలగువానిని పలువురు వాడుచున్నారు. ఎలుక క్రొత్త వస్తువును చూచి మొదట వెనుదీయును. అందుచేత నాలుగు దినములు గుణము కనబడును. పిదప వాసన తగ్గును, ఎలుకకు అలవాటగును. మిరప కారము పట్టించిన పట్టీని తీగలకు చుట్టుటకై హోండా సంస్థ అమెరికాలో అమ్ముచున్నది. అట్టివి, లోహపు అల్లిక తొడుగులు కొంత సహాయము చేయును గాని, గింజలు నిండిన యంత్రమును కాపాడజాలవు.

విషము విషయమున జాగ్రత్త

యంత్రము లోపల విషపు ఎఱ పెట్టరాదు. ఎలుక అందులోనే చచ్చి కుళ్లును. పిల్లలకు, కుక్కలకు, కోళ్లకు అపాయము. విషము పొలముకొఱకు. మొదటి దినమున బొరియలన్నియు మట్టితో మూసి, మఱునాడు తెరచుకొన్నవానిని మాత్రమే ఎలుకలున్నవిగా గుర్తింపవలెను. విషము లేని నూకలను నూనె కలిపి రెండు మూడు దినములు అలవాటు చేసి, పిదప 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల జింకు ఫాస్ఫైడు కలిపి, బొరియకు 10 గ్రాముల చొప్పున పొట్లముగా లోపల పెట్టవలెను. చేతి తొడుగు లేక ముట్టరాదు. ఈ మందుకు విరుగుడు లేదు. అలవాటు చేయక పెట్టినయెడల ఎలుక కొంచెము తిని, జబ్బుపడి, మఱల ఆ ఎఱను ముట్టదు. వ్యవసాయ విస్తరణాధికారి సలహా తీసికొనియే ఈ పని చేయవలెను. జెఱ్ఱిపోతు, గుడ్లగూబ ఎలుకలను తిని మనకు మేలుచేయునవి, వానిని చంపరాదు.

తీగ తెగిన పిమ్మట

తెగిన తీగకు పట్టీ చుట్టి బండి నడపుటయు, ఫ్యూజు పోయినచోట లావు తీగ కట్టుటయు మిక్కిలి ప్రమాదము. తీగ కాగి, దుమ్ము, గడ్డి అంటుకొని యంత్రము మొత్తము కాలిపోవచ్చును. తెలిసిన మెకానిక్కు చేత తీగ మార్పింపవలెను. డీజిలు గొట్టమును, బ్రేకు గొట్టమును కూడ పరీక్షింపవలెను. గూడు తీయునప్పుడు ఎలుకల వెంట పాము కూడ చేరియుండవచ్చును గనుక ముందు కఱ్ఱతో కదలింపవలెను. ఎలుక మూత్రమువలన ఎలుకజ్వరము కలుగును. కావున పొడిగా ఊడ్వక, బ్లీచింగు నీటితో తడిపి, తొడుగు వేసికొని తీయవలెను.

సంఘముగా చేయవలసిన పని

ఒక రైతు తన కొట్టమును శుభ్రపఱచి, ప్రక్కవాడు ఊరకున్నయెడల ఎలుక గోడ దాటి మఱల వచ్చును. పొలమునందును అంతే, ఒక మడిలో చంపిన ఎలుకల చోటికి ప్రక్క మడి ఎలుకలు చేరును. కావున ఒక వాడ సభ్యులు, ఒక కాలువ క్రింది రైతులు ఒకే వారమున బొరియలు మూయుట, ఎఱ పెట్టుట జరిగినయెడలనే ఫలము నిలుచును. అద్దె యంత్రములను ఒక ఊరినుండి మఱియొక ఊరికి తీసికొనిపోవువారు బయలుదేరుటకు ముందు గింజలు దులిపి పంపుట పొరుగువారికి చేయు మేలు.

అప్పుచేసి కొన్న యంత్రమునకు వాయిదా నెలనెల తప్పదు. యంత్రము పనిచేసినను, చేయకున్నను తప్పదు. పని ముగిసిన సాయంకాలము ఒక గంట శ్రమ ఆ వాయిదాను కాపాడును. సభ్యులెల్లరు ఈ కోతల అనంతరము దీనిని ఆచరణమున పెట్టి, తమ అనుభవమును తోటి రైతులకు తెలుపుదురుగాక యని కోరుచున్నాము.