పాఠం: అభ్యర్థి మన తలుపు తడితే

పిల్లలూ, ఈ పాఠంలో విషయం కొంచెం పెద్దవాళ్ళది. గంజాయి గురించి. ఇంట్లో ఈ మాట ఎత్తితే చాలామంది అమ్మానాన్నలు "నీకెందుకు ఆ గొడవ, హోంవర్క్ చేసుకో" అంటారు. కానీ డబ్లిన్‌లో గ్రాండ్ కెనాల్ డాక్ పక్కన సాయంత్రం నడిచిన పిల్లలకు ఆ వాసన తెలుసు. ఎన్నికలు వస్తే స్తంభాలకు కట్టిన పోస్టర్లలో నవ్వుతూ కనిపించేవాళ్ళు దీని గురించి ఏదో ఒకటి చెప్పక తప్పదు. వాళ్ళు ఏం చెబుతారు, చెప్పేముందు ఎందుకంత తడుముకుంటారు? అది చదువుదాం.

ముందు మాటలు తెలుసుకుందాం

గంజి వేరు, గంజాయి వేరు. గంజి అంటే అన్నం వార్చిన నీళ్ళు. జ్వరం వస్తే అమ్మమ్మ ఇచ్చేది. గంజాయి ఒక మొక్క, దాని పూతతో తయారయ్యే మత్తుపదార్థానికీ అదే పేరు. తెలుగులో ఒక సామెత కూడా ఉంది: "గంజాయి వనంలో తులసి మొక్క". చెడ్డవాళ్ళ మధ్య ఉన్న ఒక్క మంచి మనిషిని అలా అంటారు. అంటే మన భాష ఈ మొక్క మీద తీర్పు ఎప్పుడో చెప్పేసింది! చట్టం మాత్రం ఇంకా ఆలోచిస్తోంది.

"మందు" అనే మాట తమాషా అయినది. "మందు వేసుకున్నావా?" అంటే టాబ్లెట్ వేసుకున్నావా అని. "మందు కొట్టాడు" అంటే తాగాడని. పొలానికి మందు కొట్టడం అంటే పురుగుల మందు చల్లడం. మత్తుమందు అంటే డ్రగ్స్. ఒకే మాట రోగం తగ్గిస్తుంది, రోగం తెస్తుంది కూడా.

ఇంకో రెండు మాటలు చాలా ముఖ్యం, పెద్దవాళ్ళు కూడా వీటిని కలిపేస్తుంటారు. ఒక పనిని "చట్టబద్ధం చెయ్యడం" అంటే షాపులో అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు అని చట్టమే ఒప్పుకోవడం. "నేరం కాదనడం" అంటే అంత దూరం వెళ్ళదు. అమ్మడం నేరమే. కానీ వాడుకోవడానికి కొంచెం దగ్గర పెట్టుకున్న మనిషిని కోర్టుకు లాగకుండా డాక్టర్ దగ్గరికో, కౌన్సిలర్ దగ్గరికో పంపడం. పోర్చుగల్ 2001లో ఈ రెండో పని చేసింది. కెనడా 2018లో మొదటి పని చేసింది. జర్మనీ 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్ళు కొద్దిగా దగ్గర ఉంచుకోవచ్చంది. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం గంజాయి కాని వేరే మత్తుమందులు కొద్దిగా దగ్గర ఉంచుకోవడం నేరం కాదని చెప్పి, మూడేళ్ళు చూసి, 2024లో మళ్ళీ నేరం చేసింది. అంటే ఒకసారి దాటితే వెనక్కి రాలేని గీత కాదన్నమాట.

మనం నడిచే నేల

ఇప్పుడు డాక్‌ల్యాండ్స్ అంటే గాజు అద్దాల ఆఫీసులు, వీణలా వంగిన శామ్యూల్ బెకెట్ వంతెన, నాన్నల టెక్ కంపెనీలు. నలభై ఏళ్ళ క్రితం ఇలా లేదు. ఓడల నుంచి సరుకు దించే కూలీలు ఉండే పేటలు ఇవి. సరుకు కంటైనర్లలో రావడం మొదలయ్యాక చేతులతో దించే పని పోయింది. తండ్రులకు పని పోయిన ఇళ్ళలోకి 1980 ప్రాంతంలో హెరాయిన్ వచ్చింది. ఇది గంజాయి కాదు, చాలా ప్రమాదకరమైన మత్తుమందు. ఆ రోజుల్లో చేసిన ఒక సర్వేలో ఉత్తర డబ్లిన్ నడిబొడ్డున ఒక ప్రాంతంలో 15 నుంచి 24 ఏళ్ళ వాళ్ళలో పదిమందికి ఒకరు హెరాయిన్ వాడుతున్నారని తేలింది. మీ క్లాసులో ముప్పై మంది ఉంటే ముగ్గురన్నమాట.

పోలీసులు, ప్రభుత్వం ఆలస్యంగా కదిలారు. 1983లో అమ్మానాన్నలే గుంపులు కట్టి, మత్తుమందు అమ్మేవాళ్ళ ఇళ్ళ ముందుకెళ్ళి నిలబడ్డారు. కొన్నిసార్లు అది దౌర్జన్యంగా కూడా మారింది, ఆ మాట దాచకూడదు. కొనోలీ స్టేషన్ దగ్గర బకింగ్‌హామ్ వీధిలో ఒక గుమ్మం ఉంది, లోపల బంగారు రంగు మంట. హెరాయిన్ వల్ల చనిపోయిన పిల్లల గుర్తుగా 2000లో పెట్టారు. పేరు "హోమ్". ఒకసారి వెళ్ళి చూడండి.

ఆ పేటల మనిషే టోనీ గ్రెగరీ. టీచరు. ఏ పార్టీ తరఫునా కాకుండా స్వతంత్ర అభ్యర్థిగా 1982 ఫిబ్రవరిలో డబ్లిన్ సెంట్రల్ నుంచి టీడీగా గెలిచాడు. (ఇక్కడి టీడీ అంటే ఇండియాలో ఎంపీ లాంటివాళ్ళు. వాళ్ళు కూర్చునే సభ పేరు డాయిల్.) సభకు టై కట్టుకోకుండా వెళ్ళేవాడని అందరికీ గుర్తు. అప్పుడు ఏ పార్టీకీ మెజారిటీ రాలేదు. ప్రధాని కావాలంటే చార్లెస్ హాహీకి గ్రెగరీ ఓటు కావాలి. గ్రెగరీ తన ఓటుకు బదులుగా తన పేటకు ఇళ్ళు, ఉద్యోగాలు, స్కూళ్ళు అడిగాడు. రేవు దగ్గర 27 ఎకరాల స్థలం ప్రభుత్వం తీసుకోవాలని కూడా రాయించుకున్నాడు. ఆ ప్రభుత్వం ఏడాది తిరక్కుండానే పడిపోయింది, చాలా హామీలు కాగితం మీదే ఉండిపోయాయి. కానీ ఆయన 2009లో చనిపోయేవరకు ప్రతి ఎన్నికలోనూ గెలిచాడు. మత్తుమందుల సమస్య పోలీసులది మాత్రమే కాదు, పని లేకపోవడానిదీ, ఇల్లు లేకపోవడానిదీ అని ఆయన పట్టుబట్టేవాడు. నాకైతే ఈ పాఠంలో అన్నిటికంటే పనికొచ్చే విషయం ఇదే అనిపిస్తుంది.

ఇప్పటి చట్టం, ఇప్పటి గొడవ

ఐర్లాండ్‌లో గంజాయి దగ్గర ఉంచుకోవడం 1977 చట్టం ప్రకారం నేరం. మొదటిసారి, రెండోసారి దొరికితే జరిమానా. మూడోసారి జైలు కూడా పడవచ్చు. 2020 డిసెంబర్ నుంచి, కొద్దిగా దొరికిన పెద్దవాళ్ళను కోర్టుకు పంపకుండా హెచ్చరించి వదిలే వీలు పోలీసులకు ఇచ్చారు.

2017లో కార్క్ కౌంటీ నుంచి ఒక అమ్మ డబ్లిన్ దాకా నడిచి వచ్చింది. కూతురికి తరచూ వచ్చే తీవ్రమైన మూర్ఛలు. గంజాయి మొక్క నుంచి తీసిన మందు కావాలని అడిగింది. ఆ ఏడాది చివర్లో పాపకు అనుమతి వచ్చింది. 2019లో కొన్ని జబ్బులకు డాక్టర్లు అలాంటి మందు రాసే పద్ధతి పెట్టారు. ఇది వైద్యం కోసం. సరదా కోసం తాగడం వేరే ప్రశ్న.

ఆ వేరే ప్రశ్న మీద 2013లో ల్యూక్ "మింగ్" ఫ్లానగన్ అనే టీడీ డాయిల్‌లో తీర్మానం పెట్టాడు. ఎనిమిది మంది ఔనన్నారు, 111 మంది కాదన్నారు. 2022లో జీనో కెన్నీ అనే టీడీ ఒక బిల్లు తెచ్చాడు. 18 దాటినవాళ్ళ దగ్గర ఏడు గ్రాముల వరకు ఉంటే నేరం కాకూడదని. అది చట్టం కాలేదు. 2024 నవంబర్ ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు కూడా. బిల్లు వల్లే ఓడిపోయాడని అనుకోకండి, ఎన్నికల్లో కారణాలు బోలెడు ఉంటాయి.

2023లో ఇంకో పని జరిగింది. దేశంలోంచి 99 మంది మామూలు మనుషులను ఎంపిక చేసి, ఒక అధ్యక్షుడిని పెట్టి, పౌరసభ నడిపారు. వాళ్ళు నెలల తరబడి డాక్టర్లను, పోలీసులను, బిడ్డలను పోగొట్టుకున్నవాళ్ళను విన్నారు. 36 సిఫార్సులు చేశారు. వాడే మనిషిని నేరస్థుడిగా కాకుండా రోగిగా చూడాలని చెప్పారు. మరి గంజాయిని చట్టబద్ధం చెయ్యాలా? ఆ ఓటింగ్‌లో ఆ దారి ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. ఒక్కటంటే ఒక్క ఓటు!

డాక్టర్ల భయం కూడా వినాలి. ఇక్కడి మానసిక వైద్యుల సంఘం 2021లో, యువత మానసిక ఆరోగ్యానికి గంజాయే అతి పెద్ద ప్రమాదమని హెచ్చరించింది. మెదడు ఇరవై ఏళ్ళు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. ఇప్పుడు దొరికే గంజాయి పాతకాలం కంటే చాలా ఘాటు. కాబట్టి "చట్టం మారితే బాగుంటుంది" అనేవాళ్ళలో కూడా చాలామంది మీ వయసువాళ్ళు తాగొచ్చని అనరు. ఆ రెండూ వేర్వేరు.

అభ్యర్థి తక్కెడ

ఇప్పుడు ఒక అభ్యర్థి ఉన్నారనుకుందాం. పేరు అక్కర్లేదు. ఆమె ఒక సాయంత్రం డాక్‌ల్యాండ్స్‌లో ఇల్లిల్లూ తిరుగుతోంది.

షెరిఫ్ వీధిలో ఒక ముసలావిడ తలుపు తీస్తుంది. 1984లో కొడుకు పోయాడు. "డ్రగ్స్ మీద మెత్తగా మాట్లాడితే నా గుమ్మం తొక్కకు" అంటుంది. వంతెన అవతల కొత్త అపార్ట్‌మెంట్‌లో ఒక అబ్బాయి "వైన్ అమ్మొచ్చు గానీ ఇది అమ్మకూడదా? ముఠాలకు డబ్బు మనమే ఇస్తున్నాం" అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మరి ఆమె ఏం చెయ్యాలి?

ఐర్లాండ్‌లో ఓటు వెయ్యడమంటే ఒక్క గుర్తు మీద ముద్ర గుద్దడం కాదు. ఇష్టమైనవాళ్ళ పక్కన 1, తర్వాత 2, 3 అని అంకెలు వేస్తారు. ముందున్నవాళ్ళు ఓడిపోతే ఆ ఓటు రెండో అంకెవాళ్ళకు వెళ్తుంది. అందుకే అభ్యర్థికి తన వాళ్ళు ఒకటి వేస్తే చాలదు, మిగతావాళ్ళు కోపంగా ఉండకుండా రెండో మూడో వెయ్యాలి. "అధ్యయనం జరగాలి", "ఆరోగ్య దృష్టితో చూడాలి" లాంటి మెత్తటి మాటలు ఎక్కువగా వినపడేది అందుకే. కొందరు నిజంగా ఆలోచిస్తూ ఆ మాట అంటారు, కొందరు తప్పించుకోవడానికి అంటారు. తేడా పట్టుకోవాలంటే ఒక ప్రశ్న అడగండి: "గెలిస్తే బిల్లుకు ఔనంటారా, కాదంటారా?"

తర్వాత ఆమె ఒక తెలుగు ఇంటి తలుపు తట్టింది. వెళ్ళిపోయాక ఆ ఇంట్లో జరిగిన మాటలు చదవండి. నానమ్మ నెల్లూరు నుంచి వచ్చి ఉంది.

నాన్న: మనకెందుకమ్మా ఇవన్నీ. మన పిల్లలు అలాంటివాళ్ళు కాదు.
పాప: నాన్నా, మా స్కూల్లో జెల్లీల్లో కూడా ఉంటుందట. తెలియక తిన్నా కేసు పెడతారా?
నాన్న: ఏమోరా... కేసంటూ ఉంటే కష్టమే. కొన్ని దేశాల వీసా ఫారాల్లో డ్రగ్స్ కేసులున్నాయా అని అడుగుతారు.
పాప: అంటే ఒక్క తప్పుకి జన్మంతా? అది న్యాయమా?
నాన్న: న్యాయం సంగతి తర్వాత. నువ్వు ఎవరిచ్చినా తినకు.
నానమ్మ: ఒరే, దాని ప్రశ్నకు జవాబు చెప్పు ముందు. మా జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. రోశమ్మ ముందు నడిచింది. "మనకెందుకు" అని ఇంట్లో కూర్చోలేదు.
పాప: మరి సారా పోయిందా నానమ్మా?
నానమ్మ: కొన్నాళ్ళు పోయింది తల్లీ. తర్వాత సంగతి మీ నాన్నని అడుగు.

నానమ్మ చెప్పింది నిజంగా జరిగింది. నెల్లూరు జిల్లాలో 1992లో మొదలైన ఆ ఉద్యమంలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు, తమ వాచకంలో పాఠం చదివి కదిలారు. 1993లో రాష్ట్రమంతా సారా ఆపేశారు. 1994 ఎన్నికల్లో ఎన్‌టీ రామారావు పూర్తి మద్యనిషేధం మాట ఇచ్చి గెలిచారు, 1995 జనవరిలో అమలు చేశారు. కానీ పక్క రాష్ట్రాల నుంచి దొంగసరుకు వచ్చింది, ప్రభుత్వానికి ఆదాయం పోయింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం నిషేధం సడలించింది. నిషేధం పెట్టమన్న తల్లులదీ నిజమైన బాధే, అది నిలవకపోవడానికీ నిజమైన కారణాలే ఉన్నాయి.

గంజాయి విషయంలో ఆంధ్రలో మాట ఇంకా కఠినం. 1985 నాటి దేశ చట్టం కింద పెద్ద శిక్షలున్నాయి. (ఆకుతో చేసే భంగు ఆ చట్టంలో గంజాయి కిందికి రాదు, అది వింతే.) 2021లో విశాఖ మన్యంలో పోలీసులు వేల ఎకరాల్లో గంజాయి తోటలు నరికించారు. పండించిన గిరిజన రైతుకు దక్కేది కొంచెం, లాభం దళారులది. కాఫీ, పసుపు లాంటి పంటలకు మంచి ధర రాకపోతే ఆ రైతు మళ్ళీ ఏం వేస్తాడు? గ్రెగరీ అడిగిన ప్రశ్నే ఇది, ఊరు మాత్రం మారింది.

మీ పని

1. "చట్టబద్ధం చెయ్యడం", "నేరం కాదనడం" – రెండిటికీ తేడా మీ తమ్ముడికో చెల్లెలికో చెబుతున్నట్టు మూడు వాక్యాల్లో రాయండి.

2. మీ అమ్మానాన్నలకు ఇక్కడ ఎక్కడెక్కడ ఓటుందో అడగండి. ఐరిష్ పౌరసత్వం లేకపోయినా ఇక్కడ నివసించే పెద్దవాళ్ళు నగర కౌన్సిల్ ఎన్నికల్లో ఓటెయ్యొచ్చు. డాయిల్ ఎన్నికలకు మాత్రం ఐరిష్ లేదా బ్రిటిష్ పౌరులై ఉండాలి. మరి మత్తుమందుల చట్టం మార్చేది కౌన్సిలా, డాయిలా?

3. పాప అడిగిన "అది న్యాయమా?" అనే ప్రశ్నకు నాన్న జవాబు చెప్పలేదు. నాన్న బదులు మీరు చెప్పండి. "నాన్నా", "తల్లీ", "అండీ" లాంటి పిలుపులు వాడుతూ ఐదారు మాటల సంభాషణ రాసి, ఇంట్లో ఒకరితో కలిసి చదవండి. అమ్మమ్మో నానమ్మో ఫోన్లో ఉంటే వాళ్ళకే వినిపించండి, వాళ్ళేమన్నారో కింద రాసుకోండి.