గోడ మీద రాత

సిరియా దేశంలో దూరా యూరోపస్ అనే పాత ఊరు ఉంది. ఒక పక్క యూఫ్రటీస్ నది. మరో పక్క ఎడారి.

ఆ ఊళ్లో క్రైస్తవులు ఒక మామూలు ఇంటినే చర్చిగా మార్చుకున్నారు. రెండు గదుల మధ్య గోడ తీసేశారు. అందరూ కూర్చునే పెద్ద గది అయింది. ఇంకో గదిలో బాప్తిస్మం తొట్టి కట్టారు. గోడల మీద బొమ్మలు వేశారు. ఒక బొమ్మలో ఒకామె బావిలో నీళ్లు తోడుతోంది.

క్రీ.శ. 256 ప్రాంతంలో పర్షియా సైన్యం ఊరి మీదికి వచ్చింది. కోటగోడకు బలం కావాలి. అందుకని గోడ పక్క ఇళ్లను మట్టితో పూడ్చారు. చర్చి కూడా పూడిపోయింది. అయినా ఊరు ఓడిపోయింది. పాడుబడింది.

1930ల మొదట్లో ఆ మట్టి తవ్వారు. బొమ్మలు ఇంకా ఉన్నాయి! మట్టే వాటిని కాపాడింది.

మరి ఇల్లు ఎప్పటిదో ఎలా తెలిసింది? గోడ పూత పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో దాని మీద సంవత్సరం గీశారు. మన లెక్కలో అది సుమారు 232.

2011లో సిరియాలో యుద్ధం మొదలైంది. తర్వాత దొంగలు ఆ పాత ఊరంతా గుంతలు తవ్వారు. పోయిన గుర్తులు మళ్లీ రావు.

మీ ఊరి పాత గోడల మీద రాతలు ఉన్నాయా? సున్నం వేయకముందే చదవండి. పుస్తకంలో రాసి పెట్టండి.