ఉమ్మెత్త గింజ, మిరప గింజ

గట్లమీదను పెంటదిబ్బలయొద్దను తనంతట మొలచు ఉమ్మెత్త మన మిరపకు జ్ఞాతి. రెండును వంగ కుటుంబములోనివే. వాని గింజలును చూపునకు ఒక్కపోలికగా నుండును. కల్లమున ఈ పోలిక ప్రమాదకరము.

మిరప గింజ లేతపసుపు వన్నెతో ఇంచుమించు గుండ్రముగా నుండును. ఉమ్మెత్త గింజ మూత్రపిండాకారము గలది. పైతొక్కపై సన్నని గుంటలుండును. అది చేదే కాని, రుచి చూచి తేల్చుకొనరాదు. నిలువున కోసి భూతద్దముతో చూడుడు: మిరపలో మొలక 6 అంకెవలె లోపలికి చుట్టుకొనును, ఉమ్మెత్తలో దాని కొన వెలుపలికి వంగును.

ఉమ్మెత్త ఆకు, పువ్వు, వేరు, గింజ అన్నిటను హయోసయమీను, స్కోపొలమీను అను విషద్రవ్యములు కలవు. ఇవి నరములు అవయవములకు పంపు ఆజ్ఞను అడ్డగించును. అందుచే నోరెండును, కంటిపాప విచ్చును, గుండె దడదడలాడును, మూత్రము బిగియును, రోగి పిచ్చిమాటలాడును. ఉడికించినంత మాత్రమున విషము పోవునని నమ్మరాదు.

చిత్రమేమనగా, హయోసయమీనుకు సన్నిహితమైన అట్రోపీనునే కొన్ని పురుగుమందుల విషమునకు వైద్యులు సూదిమందుగా వాడుదురు. అది కొలత తెలిసిన చేతి పని. ఒక మొక్కకును మరియొక మొక్కకును విషపు పాలు మారును గనుక, ఉమ్మెత్త పసరు త్రాగించుట చికిత్స కాదు, హత్యాప్రయత్నమే.

ముండ్లకాయ పగులకముందే మొక్కను వేరుతో పెరికివేయుడు. పిమ్మట చేతులు కడుగుకొనుడు. ఎవరైన గింజలు తినినచో, మిగిలిన గింజలతోకూడ వెంటనే ఆసుపత్రికి చేర్పుడు.